ఒక్కరు నేర్చుకుంటే చాలు

వంట మెషీన్ చూపించడానికి పెట్టెతో మూడంతస్తులు ఎక్కి వచ్చిన డెమో మనిషి దాన్ని వంటగట్టు మీద దించి, నడుం మీద రెండు చేతులూ వేసుకుని, ఊపిరి తీసుకున్నాకే నవ్వింది. యాభై దగ్గర పడుతున్న మనిషి. రోజుకి నాలుగిళ్ళలో నవ్వాలి కాబట్టి ఆ నవ్వును కూడా పొదుపుగా వాడుతున్నట్టుంది. కాలరమ్మ మంచినీళ్ళ గ్లాసు అందించి స్టూలు జరిపింది. ఆమె కూర్చుని, చెప్పుల్లోంచి వాచిన పాదాలు బయటికి తీసి చల్లటి గచ్చు మీద ఆనించింది. ఆ పాదాలు చూస్తే కాలరమ్మకి తన పాదాలు గుర్తొచ్చాయి.

కాలరమ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. చొక్కాల ఫ్యాక్టరీలో గంటకి అరవై కాలర్లు కుట్టే మనిషికి పక్క మెషీన్లవాళ్ళు పెట్టిన పేరు. అది మెల్లగా ఇంటిదాకా వచ్చేసింది. ఆటపట్టించాలంటే కూతురు అలాగే పిలుస్తుంది, కోపం వస్తే అత్తగారూ అలాగే పిలుస్తుంది.

మెషీన్ ముచ్చటగానే ఉంది. తెల్లటి ఒళ్ళు, స్టీలు గిన్నె, గిన్నె అడుగున బ్లేడు, పైన ఆవిరి బుట్ట, ముందు వేలితో తాకితే వెలిగే తెర. తరుగుతుంది, రుబ్బుతుంది, పిండి కలుపుతుంది, ఉడికిస్తుంది, అడుగంటకుండా తిప్పుతుంది, తూకం కూడా అదే వేసుకుంటుంది. పైగా మాట్లాడుతుంది. "రెండు వందల గ్రాముల ఉల్లిపాయలు వెయ్యండి" అని ఆడగొంతుతో మెత్తగా చెప్పింది. ఇరవై ఏళ్ళలో ఈ వంటింట్లో తనతో ఇంత మర్యాదగా ఎవరూ మాట్లాడలేదని కాలరమ్మ అనుకుంది.

భర్త బస్సు డిపోలో విడిభాగాల స్టోరు చూస్తాడు. అందుకే ఆయనకి క్యారెట్ సూపు మీద కన్నా బ్లేడు మీద ధ్యాస ఎక్కువ. దాన్ని ఊడదీయించి, తిప్పి, అడుగున చెక్కిన నంబరు చదివి, ఇది విడిగా దొరుకుతుందా అని అడిగాడు. కాలేజీలో రెండో ఏడు చదువుతున్న కూతురు అంతా ఫోన్లో వీడియో తీసింది. గుమ్మం పక్క కుర్చీలో, మోకాలి నొప్పి కాలు పీట మీద చాపుకుని అత్తగారు కూర్చుంది. ఆవిడ ఏమీ అడగలేదు. ధర విన్నప్పుడు మాత్రం కాలు దించి మళ్ళీ పైన పెట్టుకుంది. కాలరమ్మ ఐదు నెలల జీతం అది. వాయిదాల్లో కట్టొచ్చు.

"ఇంట్లో అందరూ నేర్చుకోనక్కర్లేదండీ. ఒక్కరు నేర్చుకుంటే చాలు. మరి ఎవరు నేర్చుకుంటారు?" అంది డెమో మనిషి.

ఉన్న నాలుగు తలల్లో మూడు ఒక్కసారే కాలరమ్మ వైపు తిరిగాయి. నాలుగో తల ఆమెదే కాబట్టి అది ఎటు తిరగాలో తెలియక గిన్నె వైపు తిరిగింది.

వారం రోజులు వాడి చూడమని, నచ్చితే కాగితాల మీద సంతకం, నచ్చకపోతే మెషీన్, రెంటిలో ఏదో ఒకటి వచ్చే ఆదివారం వచ్చి తీసుకెళ్తానని చెప్పి ఆమె మెట్లు దిగింది.

అన్నాల దగ్గర భర్త అసలు సంగతి బయటపెట్టాడు. వాయిదాల గురించి బెంగ పెట్టుకోవద్దన్నాడు. డిపోలో ముగ్గురు బయట తిండి తినలేక కడుపులు పాడుచేసుకుంటున్నారట. ఇంటి భోజనం డబ్బా కట్టిస్తే నెలనెలా ఇస్తామన్నారట. ఒకటో తారీకు నుంచి పంపిస్తానని మాట కూడా ఇచ్చేశాడు. మనకి వండేదాంట్లోనే ఇంకొంచెం, తరిగేది అదే, తిప్పేది అదే, ఇంక నీకు పనేముంది అన్నాడు. "దాని ఖర్చు అదే సంపాదించుకుంటుంది. నీకు కష్టం తగ్గాలనే కదా ఇదంతా."

ఆయన నిజంగానే అలా అనుకుంటున్నాడు. అదే చిక్కు. మోసం చేస్తున్నవాడితో అయితే పోట్లాడొచ్చు. మెషీన్ పొద్దున్నే లేచి బజారుకి వెళ్తుందా, డబ్బాలు తోముతుందా, రేపు ఏం వండాలో రాత్రి పడుకునేటప్పుడు ఆలోచిస్తుందా అని కాలరమ్మ అడగాలనుకుంది. నోట్లో ముద్ద ఉంది. అది మింగేసరికి మాట్లాడే ఓపిక లేకపోయింది.

నిజానికి ఆమె దగ్గరా ఒక సంగతి ఉంది. ముందురోజే శాంపిల్ గది మాస్టరు పిలిచి అడిగాడు. కొత్త రకం చొక్కా ఏది మొదలుపెట్టినా మొదటి చొక్కా ఆ గదిలోనే కుడతారు. ఒక్క మనిషే మొత్తం చొక్కా కుట్టాలి. కాలరు, చేతులు, జేబు, బొత్తాలు, అన్నీ. అక్కడ ఒక చోటు ఖాళీ అయింది. నెల రోజులపాటు, రోజూ పని అయ్యాక సాయంత్రం ఏడింటిదాకా ఉండి నేర్చుకోవాలి. శనివారం మధ్యాహ్నానికల్లా చెప్పాలి. పద్దెనిమిదేళ్ళు చొక్కాల మెడలు తప్ప ఇంకేమీ చూడని మనిషికి ఆ మాట విన్నప్పుడు చేతులు చెమట పట్టాయి. మెషీన్ వస్తోందిగా, సాయంత్రాలు కాస్త తెరిపి దొరుకుతుంది, ఆదివారం భోజనాల దగ్గర చెప్దామని దాచుకుంది. ఇప్పుడు ఆ తెరిపిలోకి మూడు డబ్బాలు వచ్చి కూర్చున్నాయి. తన మాటను పళ్ళెంతో పాటే కడిగేసి వచ్చింది.

*

సోమవారం ఫ్యాక్టరీలో జేబులు కుట్టే కొత్త మెషీన్ దించారు. ఎక్కడికెళ్ళినా ఈ కొత్త మెషీన్లు తన వెంటపడుతున్నాయేమిటా అనిపించింది కాలరమ్మకి. సూపర్‌వైజరు లైను మధ్యలో నిలబడి ఎవరు నేర్చుకుంటారని అడిగాడు. అందరికీ ఒక్కసారే దారాలు తెగినట్టు తలలు మెషీన్ల మీదకి వాలాయి. చివరికి ఆయనే, లైనులో అందరూ పెద్దక్క అని పిలిచే ఆమెని లేపాడు. జేబులు కుట్టడంలో పెద్దక్కని మించినవాళ్ళు ఆ లైనులోనే కాదు, ఆ ఫ్యాక్టరీ కప్పు కిందే లేరు.

పెద్దక్క కొత్త మెషీన్ ముందు కూర్చుంది. మొదటి పీసుకి దారం తెగింది. రెండో పీసుకి జేబు వేలెడు వంకరగా పడింది. మూడోదానికి బట్ట సర్దకముందే పెడలు నొక్కింది, సూది పటుక్కుమంది. సూపర్‌వైజరు మొదట నేర్పాడు, తర్వాత విసుక్కున్నాడు, తర్వాత జాలిపడ్డాడు. "నాకు రావట్లేదు సార్. కళ్ళు ఆనడం లేదు" అంది పెద్దక్క, దోషిలా తల వంచుకుని. ఆయన ఆమెని పాత మెషీన్ దగ్గరికి పంపేసి ఇంకొకామెని కూర్చోబెట్టాడు.

మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నప్పుడు ఎవరిదో జాకెట్టు హుక్కు ఊడింది. పెద్దక్క తన పర్సులోంచి సూది తీసి, దారం కొస నాలుకతో తడిపి, ఒక్క దెబ్బకి ఎక్కించింది. కాలరమ్మ తినడం మానేసి చూసింది.

"ఏంటే అలా చూస్తావు?" అంది పెద్దక్క. గొంతు తగ్గించి, దూరంగా ఒంటరిగా తింటున్న కాజాల మెషీన్ ఆమె వైపు గడ్డంతో చూపించింది. "అది కొత్త మెషీన్ నేర్చుకున్న రోజు చప్పట్లు కొట్టాం. ఇప్పుడు దానికి జ్వరమొచ్చినా సెలవు లేదు. ఇంకెవరికీ రాదుగా! వచ్చిందన్నావో, అది ఇక నీ మెడకే."

కాలరమ్మకి నవ్వు రాలేదు. సాయంత్రం బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి అదే ఆలోచించింది. పెద్దక్క చేసింది తేలిక పని కాదు. చేతకానివాళ్ళు చెడగొట్టడం వేరు, చేతనైనవాళ్ళు చెడగొట్టడం వేరు. ఒక్క కుట్టు పక్కకి పోతే విప్పి మళ్ళీ కుట్టే తనలాంటి దానికి అది ఎలా సాధ్యం? అయినా దిగే చోటు వచ్చేసరికి ఒక నిర్ణయానికి వచ్చింది.

*

మంగళవారం సాయంత్రం భర్త ఆరింటికే ఇంటికొచ్చాడు, మెషీన్ వంట చూడాలని. కాలరమ్మ క్యారెట్లు వేసి మూత పెట్టింది. గిన్నె మీద గీత, మూత మీద గీత కలిసేలా తిప్పితే టక్కుమంటుంది. ఆ సంగతి ఆమె వేళ్ళకి మొదటి తాకుడులోనే తెలిసిపోయింది. చెయ్యి తనంతట తనే తిప్పబోయింది. ఆపుకుని, గీతకి అర అంగుళం ఇవతలే వదిలేసింది.

"మూత సరిచూడండి" అంది మెషీన్.

"ఏమంటోంది?" అని అడిగింది కాలరమ్మ.

మళ్ళీ పెట్టింది. మళ్ళీ సరిచూడమంది. ఈసారి మూత సరిగా పెట్టి, నీళ్ళు పొయ్యకుండా తెర మీద వేడి గుర్తు నొక్కింది. అదీ కాదంది మెషీన్, ఏమాత్రం విసుక్కోకుండా. కాలరమ్మ చెవులు వేడెక్కాయి. తన పని తను చెడగొట్టుకోవడం ఇంత సిగ్గుగా ఉంటుందని ఆమెకి తెలియదు.

నిమిషానికో కాలరు వేసేదానివి, మూత పెట్టడం రాదా అన్నాడు భర్త. రావట్లేదంది. ఇంకో రెండుసార్లు చూశాక ఆయన చొక్కా చేతులు మడిచాడు. "జరుగు" అన్నాడు.

ఇరవై ఏళ్ళలో ఆ వంటింట్లో ఆయన ఆ మాట అనడం అదే మొదలు. కాలరమ్మ జరిగింది. గుమ్మం పక్కనుంచి అత్తగారు కోడలి మొహంలోకి చూసి, తర్వాత కొడుకు వీపు వైపు చూసింది.

ఆయన బాగానే నేర్చుకున్నాడు. మెషీన్ చెప్పిందల్లా చేశాడు. సూపు చిక్కగా వచ్చింది. కూతురు వేళ్ళు నాకింది, అత్తగారు రెండోసారి పోయించుకుంది. ఆయన మొహం చూడాలి, కొత్త బస్సు బయటికి తీసిన డ్రైవరులా ఉన్నాడు. తిన్నాక కూర్చుని, డిపో నుంచి తెచ్చిన స్టిక్కర్ల మీద అంకెలు వేసి, బ్లేడుకి ఒకటి, మూతకి రెండు, ఆవిరి బుట్టకి మూడు అని అంటించాడు. వాటిని కడగడం మాత్రం ఆయనకి తోచలేదు. సింకు నిండా ఉన్న సామాను కాలరమ్మ కడిగింది.

బుధవారం తెల్లవారి ఐదింటికి లేచేసరికి కుడి భుజం పైకి లేవలేదు. రాత్రి ఆ వైపే పడుకున్నట్టుంది. నలుగురికీ రొట్టెల పిండి కలపాలి. ఇల్లంతా నిద్రపోతోంది. గట్టు మీద మెషీన్ ఉంది. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుంది.

గిన్నెలో పిండి పోసింది. తెర మీద అంకె చూస్తూ చెయ్యి సరిగ్గా ఆపింది. నీళ్ళు, ఉప్పు వేసింది. మూత టక్కుమంది. మెషీన్ రెండు నిమిషాలు అంది. ఆమె చెయ్యి గట్టు మీద ఆనించి చప్పుడు వింటూ నిలబడింది. నిమిషన్నర కాగానే చప్పుడు మారింది. పిండి గిన్నె అంచుల్ని వదిలేసింది. ఇక చాలని ఆపేసింది. తీసి చూస్తే చెవి తమ్మెలా మెత్తగా ఉంది పిండి. భుజం మీద బరువు పడలేదు. పడకపోయేసరికి, ఎందుకో, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంచి మెషీన్. దాని తప్పేమీ లేదు. ఆ ఇంట్లో తన భుజం గురించి ఆలోచించింది అదొక్కటే, దాన్నే తను ఏమీ రానట్టు అవమానిస్తోంది.

గిన్నె కడిగి తుడిచి వెనక్కి తిరిగితే గుమ్మంలో అత్తగారు, తలుపు చెక్క పట్టుకుని. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. పిండి ముద్ద వైపు చూసింది, మెషీన్ వైపు చూసింది. అత్తగారు మెల్లగా నడిచి వచ్చి, కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగి, గ్లాసు బోర్లించి వెళ్ళిపోయింది.

ఆ రోజంతా కాలర్లు కుడుతున్నా మనసు ఇంటి దగ్గరే ఉంది. అత్తగారు చెప్పేస్తుంది. చెప్పక ఏం చేస్తుంది, కన్నకొడుకు ముందు కోడలి నాటకం కడుపులో పెట్టుకుంటుందా? సాయంత్రం తలుపు తీసేసరికి మెషీన్ ముందు భర్త ఉన్నాడు, తువ్వాలు భుజాన వేసుకుని. అత్తగారు బీన్సు ఈనెలు తీస్తోంది. ఎవరూ పొద్దుటి పిండి ఊసెత్తలేదు. తినడం అయ్యాక ఆయన లేచిపోబోతుంటే అత్తగారు మాత్రం అంది. "ఒరేయ్, మీ స్టోర్లో వాడిన సామాను ఎవరు సర్దుతార్రా?" నేనేగా అన్నాడాయన. అని, కాసేపు నిలబడి, సింకు దగ్గరికి నడిచాడు. స్టిక్కర్లు తడిసి ఊడిపోతున్నాయని లోపలినుంచి గొణిగాడు.

గురువారం, శుక్రవారం కూడా వంట ఆయనే చేశాడు. కూరకి ఏం కావాలో డిపో నుంచే ఫోన్ చేసి తల్లిని అడిగి, దారిలో కొనుక్కొచ్చాడు. కాలరమ్మ బస్సు దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచం మీద వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. వంటింట్లో మెషీన్ తనని కాకుండా ఇంకెవరినో ఉల్లిపాయలు వెయ్యమంటుంటే వినడం ఎంత బాగుందో ఎవరికి చెప్పాలి?

శనివారం మధ్యాహ్నం శాంపిల్ గదికి వెళ్ళి సంతకం పెట్టింది. సోమవారం నుంచి రమ్మన్నారు.

*

ఆ సాయంత్రం తిన్నాక భర్త తీర్మానం చేశాడు. మెషీన్ తీసుకుందాం అన్నాడు. "నాలాంటివాడికే నాలుగు రోజుల్లో వచ్చేసింది, నీకు రాకపోవడమేంటి? దగ్గరుండి నేర్పిస్తాను. నెల తిరిగేసరికి నువ్వే నాకు నేర్పుతావు" అన్నాడు ఆప్యాయంగా. డబ్బాలు కూడా ముగ్గురివి కాదు, ఐదుగురివి అయ్యాయట. పొద్దున ఐదింటికి బదులు నాలుగున్నరకి లేస్తే సరిపోతుందట.

కాలరమ్మ పళ్ళెంలో వేలితో గీతలు గీసింది. పెద్దక్క ఎత్తు ఇక్కడ పారలేదు. ఫ్యాక్టరీలో నాకు రాదంటే ఇంకొకరిని కూర్చోబెడతారు. ఇంట్లో నాకు రాదంటే దగ్గరుండి నేర్పిస్తారు.

"దానికి రాదురా" అంది అత్తగారు.

ఆయన నవ్వి, ఎందుకు రాదన్నాడు.

"నాకు మాత్రం వచ్చిందా?" అత్తగారు మోకాలు నిమురుకుంటూ ఎటో చూస్తూ మాట్లాడింది. వయసులో ఉండగా తను పనిచేసిన నూలు మిల్లులో కొత్త యంత్రాలు దింపారట. అవి రాత్రి షిఫ్టులోనే తిప్పేవారట. తనకి మూడు నెలలు నేర్పారట. జీతం ఎక్కువిస్తామన్నారట. ఎంత నేర్పినా రాలేదట.

"నీకా? మిల్లులో నీ అంత పనిమంతురాలు లేదని ఇప్పటికీ చెప్తారు కదా!"

"రాలేదంతే. నీకప్పుడు రెండేళ్ళు. రాత్రి పక్కన నేను లేకపోతే ఏడ్చేవాడివి."

ఆయన మొదట నవ్వబోయాడు. తర్వాత నవ్వలేదు. రేపు చూద్దాంలే అని లేచి వెళ్ళి మెషీన్ మీద గుడ్డ కప్పాడు. కాలరమ్మ అత్తగారి పళ్ళెం తీస్తూ ఆవిడ కళ్ళలోకి చూసింది. ఆవిడ చూపు తిప్పేసుకుంది.

ఆదివారం పదింటికి డెమో మనిషి వచ్చింది. అదే స్టూలు మీద కూర్చుని, అవే పాదాలు బయటికి తీసింది. ముందు మీరు ఎలా వాడారో చూస్తానండీ, దాన్నిబట్టి మీ ఇంటికి సరిపడుతుందో లేదో చెప్తానంటూ తెర మీద వేలితో ఎక్కడో నొక్కింది. మెషీన్ తను చేసిన ప్రతి పనీ గుర్తుపెట్టుకుంటుందని అప్పుడు తెలిసింది కాలరమ్మకి. బుధవారం పొద్దున కలిపిన పిండి గుర్తొచ్చింది.

"మంగళవారం తప్పులు చాలా ఉన్నాయి. పర్లేదు, మొదట్లో అందరికీ అంతే. తర్వాత రోజూ సాయంత్రం, బాగానే వాడారు. పొద్దున పూట ఒక్కసారే వాడారు, బుధవారం ఐదుంబావుకి. పిండి." డెమో మనిషి తెరకి మొహం దగ్గరగా పెట్టింది. "ఒక్క తప్పు లేదు. రెండు నిమిషాలు పెడితే నిమిషన్నరకే ఆపారు. ఇది పని తెలిసిన చెయ్యండీ. ఎవరు కలిపారు?"

తను ఏడింటిదాకా లేవనని కూతురు చెప్పింది. తను కూడా కాదన్నాడు భర్త. కాలరమ్మ గిన్నె వైపు చూస్తూ నిలబడింది.

"నేనే" అంది అత్తగారు.

అందరూ ఆవిడ చేతుల వైపు చూశారు. ఆ చేతులు మంచినీళ్ళ గ్లాసు ఎత్తినా వణుకుతాయి. ఆ గిన్నె ఎత్తడం వాటివల్ల అయ్యే పని కాదు. డెమో మనిషి కూడా చూసింది. తర్వాత కాలరమ్మని చూసింది. తెర ఆర్పేసి, "బాగా కలిపారు పెద్దమ్మగారూ" అంది.

భర్త తల్లి వైపు, భార్య వైపు మార్చి మార్చి చూశాడు. రాత్రి విన్న మిల్లు కథ ఇప్పుడు ఆయనకి పూర్తిగా వినపడినట్టుంది. మెల్లగా అడిగాడు. "నీకు వచ్చా?"

రాదని అనొచ్చు. ముసలావిడ దారి ఇచ్చింది. కానీ పద్దెనిమిదేళ్ళు తిన్నగా కుట్టిన మనిషికి ఇంకో వంకర కుట్టు వెయ్యడం చేతకాలేదు.

"వచ్చు. మంగళవారం మూత ముట్టుకున్నప్పుడే వచ్చేసింది."

"మరెందుకు?"

"నాకు వచ్చిందంటే ఐదు డబ్బాలూ నావే. రేపు పది అయితే పదీ నావే. అది అలసిపోదు. నేను అలసిపోయానండీ."

గొంతు పెంచలేదు. పెంచే ఓపిక కూడా లేదు. అదే ఊపులో శాంపిల్ గది సంగతి కూడా చెప్పేసింది. సంతకం పెట్టాననీ, రేపటి నుంచి నెల్లాళ్ళు ఇంటికి వచ్చేసరికి ఏడు దాటుతుందనీ. నీ కోసమే కదా తెప్పించాను అన్నాడాయన. ఆ మాటలో నిజంగానే బాధ ఉంది. తెలుసు అంది కాలరమ్మ. ఆమెకీ బాధగానే ఉంది.

"డబ్బాలకి మాట ఇచ్చేశాను."

"మీరిచ్చారు. మీకు వచ్చుగా."

ఆయన మెషీన్ వైపు చూశాడు. నాలుగున్నరకి లేవడం, బజారు, ఐదు డబ్బాలు, తోముకోవడం, తర్వాత ఎనిమిదింటికి డిపో. అవన్నీ ఆయన మొహం మీద ఒకటొకటిగా కనిపించాయి. నిమిషం కూడా పట్టలేదు.

"తీసుకెళ్ళండి. మా ఇంటికి ఇది సరిపడదు" అన్నాడు డెమో మనిషితో.

రాత్రి అనుకున్నప్పుడు ఆ నాలుగున్నర కాలరమ్మది. అప్పుడు మెషీన్ ఇంటికి భేషుగ్గా సరిపడింది. ఆయనది అయ్యేసరికి సరిపడకుండా పోయింది. ఆమెకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మానేసి మెషీన్ సర్దడానికి వంగింది. బ్లేడు తుడిచి గుడ్డలో చుట్టింది, బుట్టని గిన్నెలో ఒదిగించింది, స్టిక్కర్లన్నీ గోటితో గీకింది. డెమో మనిషి కూర్చునే చూసింది, తనని సాయం రానివ్వకుండా ఎవరో తన పని చెయ్యడం చాలా రోజుల తర్వాత చూస్తున్నట్టు.

పెట్టెకి రెండో పక్క పట్టుకుని కాలరమ్మ కూడా మూడంతస్తులు దిగింది. అమ్ముడుపోలేదని ఏమైనా అంటారా అని అడిగితే, అలవాటేనంది ఆమె. కింద పెట్టె దించాక నడుం సరిచేసుకుంటూ, "మా ఇంట్లో రెండేళ్ళుగా ఉందండీ ఇది. నేనే నేర్చుకున్నాను" అంది. అంతకన్నా ఏమీ చెప్పలేదు. మళ్ళీ పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

*

సోమవారం శాంపిల్ గదిలో మొదటి రోజు కుట్టనే లేదు. కాగితం మీద చొక్కా చెయ్యి గీయించి, కత్తిరించి, మళ్ళీ గీయించారు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి చొక్కాకి మెడ కాకుండా ఇంకేదో ఉందని ఆమె చేతులు తెలుసుకున్నాయి. బస్సు ఎక్కేసరికి ఏడు. ఇల్లు చేరేసరికి ఏడున్నర దాటింది. మెట్లెక్కుతూ, ఇప్పుడు వెళ్ళి పొయ్యి వెలిగించాలి కాబోలు, వెలిగిస్తానా, వెలిగిస్తే రేపూ వెలిగించాలి కదా అని మెట్టుకో మాట అనుకుంది.

వంటింట్లో దీపం వెలుగుతోంది. కూతురు గచ్చు మీద కూర్చుని బంగాళాదుంపల తొక్క తీస్తోంది, తొక్కతో పాటు సగం దుంప పోతోంది. అత్తగారు కుర్చీలో ఉంది. పొయ్యి మీద మామూలు గిన్నె, దాని ముందు భర్త, చొక్కా చేతులు మడిచి. గట్టు మీద మెషీన్ ఉన్న చోట ఉప్పు డబ్బా, కారం డబ్బా వరసగా నిలబెట్టి ఉన్నాయి. మిగిలిన స్టిక్కర్లు వాటికి అంటించినట్టున్నాడు, ఉప్పుకి ఒకటి, కారానికి రెండు.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. కోపంగా ఉన్నాడో, బెదిరిపోయి ఉన్నాడో తెలియలేదు. "ఉప్పు ఎంత వెయ్యాలి? అదైతే గ్రాముల్లో చెప్పేది" అన్నాడు.

భుజం మీద సంచి ఉండగానే కాలరమ్మ కుడి చెయ్యి ఉప్పు డబ్బా వైపు లేచింది. మూడు వేళ్ళు దగ్గరకి వచ్చాయి కూడా. అది ఎంతో ఆ వేళ్ళకి తెలుసు. ఆమె ఆ చెయ్యిని మెల్లగా దించి, సంచి తీసి గోడకి ఆనించింది.

"నాకు తెలీదండీ" అంది.

డెమో మనిషి కూర్చున్న స్టూలు లాక్కుని కూర్చుంది. చెప్పుల్లోంచి పాదాలు బయటికి తీసి గచ్చు మీద ఆనించింది. కొంచెం వేసి రుచి చూడరా, చాలకపోతే మళ్ళీ వేసుకోవచ్చు అంది అత్తగారు. ఆయన గరిటె కొస నాలుకకి ఆనించి, మొహం చిట్లించి, ఇంకొంచెం వేశాడు. అన్నాలు తినేసరికి తొమ్మిదయింది. కాలరమ్మ అప్పటిదాకా స్టూలు మీంచి లేవలేదు.